నాలుగు వేళ్ల కొవ్వు

డాక్టర్ బయాన్ ఎర్మెకోవ్నా కంప్యూటర్ తెరను తమ వైపు తిప్పగానే, ఆమె ఏమీ చెప్పకముందే కుల్పాష్‌కు విషయం అర్థమైంది. నలభై ఏళ్లుగా ప్రతి చలికాలం గుర్రపు మాంసం కోసి, పక్కటెముకల ముక్కలను కొవ్వుతో సహా పేగుల్లో కూరి కజీ కట్టిన చెయ్యి ఆమెది. అడ్డంగా కోసిన ముక్కను చూసి ఆ జంతువు ఏ మేత తిన్నదో చెప్పగలదు. ఇప్పుడు తెర మీద ఉన్నది కోడలు మక్పాల్ నడుము. స్కానింగ్ యంత్రం దాన్ని కత్తి లేకుండానే అడ్డంగా కోసి చూపిస్తోంది.

కుల్పాష్ కళ్లతోనే కొలిచింది. చర్మం కింద నాలుగు వేళ్ల కొవ్వు.

వాళ్ల సిర్ నది వైపు గుర్రం కొవ్వును వేళ్లతోనే కొలుస్తారు. రెండు వేళ్లయితే ఆ ఇంటివాళ్లు మేత దగ్గర పీనాసులని అర్థం. మూడయితే పరవాలేదు. నాలుగు వేళ్లు ఉండి కూడా చుట్టాలను భోజనానికి పిలవకపోతే ఏడాదంతా చెప్పుకుంటారు. ఈ లెక్క తలలో మెదలగానే కుల్పాష్ నాలుక కరుచుకుంది. గుర్రానికీ కోడలికీ పోలికేమిటి! కానీ ఆ నాలుగు వేళ్లూ ఎవరు మేపితే వచ్చాయో ఆ గదిలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

డాక్టర్ రెండో బొమ్మ తెరిచింది. అది తొడ. అక్కడ కొవ్వు సంగతి అలా ఉంచితే, కండ ఉండాల్సిన చోట పిడికెడు ముద్ద మాత్రమే ఉంది. అందులోనూ తెల్లటి చారలు.

మక్పాల్‌కు ముప్పై నాలుగేళ్లు. రెండేళ్లుగా ఆమె ఊపిరితిత్తులు మెత్తదనం పోయి, ఎండలో మరిచిపోయిన తోలులా బిగుసుకుపోతున్నాయి. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, దాని వెనక ఏడు మీటర్ల పైపు, ఆ చివర గుర్రుగుర్రుమనే యంత్రం. స్టెరాయిడ్ మాత్రలు ముఖాన్ని గుండ్రంగా ఉబ్బించాయి. చూసినవాళ్లు "రంగు వచ్చావమ్మా" అనేవారు. ఇక మందులతో అయ్యేది లేదు, వేరొకరి ఊపిరితిత్తులు పెట్టాల్సిందేనని డాక్టర్లు తేల్చాక, ఆస్పత్రికి దగ్గరగా ఉండాలి కాబట్టి అత్తాకోడళ్లు కజకిస్తాన్ రాజధాని అస్తానాలో రెండు గదుల అద్దె ఇంటికి వచ్చారు. మక్పాల్ భర్త సగిండిక్ నెలల తరబడి చమురు బావుల దగ్గర, సెలవు దొరికితేనే ఇంట్లో. రెండో తరగతి చదివే కూతురు ఊళ్లో మేనత్త దగ్గర ఉంది, రోజూ ఫోన్లో తల్లికి ఎక్కాలు అప్పజెప్పేది.

డాక్టర్ చెప్పింది సూటిగానే ఉంది. జాబితాలో పేరు ఎక్కాలంటే ఒళ్లు ఆ ఆపరేషన్‌ను తట్టుకోగలగాలి. బరువు ఎనభై రెండు కిలోలుంది, డెబ్బై ఏడు దాటకూడదు. రెండోది, చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి, పదిహేను సెకన్లలో. ఇవాళ మక్పాల్‌కు ఇరవై రెండు పట్టింది. పది వారాల గడువు. మధ్యలో నాలుగో వారం ఒకసారి చూస్తారు.

"రెండూ కావాలి" అంది డాక్టర్. "లావుగా ఉన్నావు కదా బలంగా ఉన్నావనుకోకు. నీ విషయంలో అవి రెండూ వేరు."

కుల్పాష్ డెబ్బై ఏడును మనసులో మేకు కొట్టినట్టు గుర్తుపెట్టుకుంది. కుర్చీ సంగతి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. లేవడం, కూర్చోవడం కూడా ఒక పరీక్షేనా? నర్సరీ పిల్లల ఆట.

* * *

కుల్పాష్ ఎలాంటి అత్తో తెలియాలంటే ముందు ఆమె అత్త గురించి తెలియాలి. ఆ మహాతల్లి తెల్లారకముందే దగ్గేది, ఆ దగ్గుకు కోడలు లేచి పొయ్యి ముట్టించాలి. టీ పలచనైతే ఒక మాట, చిక్కనైతే రెండు మాటలు. బాలింతగా ఉన్నప్పుడు కూడా కుల్పాష్ బావి నుంచి నీళ్లు మోసింది. అప్పుడే ఒట్టు పెట్టుకుంది, నా ఇంటికి వచ్చే పిల్లను మెత్తల మీద కూర్చోబెడతానని. మక్పాల్‌కు జబ్బు చేయగానే ఆ మాట అక్షరాలా నిలబెట్టుకుంది.

వాళ్లవైపు కోడలు పొద్దున్నే పెద్దవాళ్ల ముందు మోకాళ్లు వంచి సలాం చెయ్యాలి. కుల్పాష్ అది మాన్పించింది. టీ పొయ్యడం కోడలి పని. గిన్నెలో సగమే పొయ్యాలి, తాగినవాళ్లు చాచిన ప్రతిసారీ మళ్లీ సగం పొయ్యాలి. నిండుగా పోస్తే, తాగి దయచెయ్యండి అన్నట్టు. అంచేత ఒక్కొక్కరూ పది గిన్నెలు తాగే ఇళ్లలో కోడలి చెయ్యి ఆగదు. ఒకరోజు కుల్పాష్ మక్పాల్ చేతిలోంచి టీపాట్ తీసేసుకుంది. ఆ తర్వాత చీపురు, ఆ తర్వాత కత్తి, ఆఖరికి దువ్వెన. "నువ్వు కదలకు నా ఒంటెపిల్లా, నేనున్నాగా" అనేది. మక్పాల్ కదలడం మానేసింది.

పైగా అది జనవరి. ఇంటింటా గుర్రాన్ని కోసే కాలం. నగరంలో ఉన్న బంధువులంతా రోగిని చూడటానికి వచ్చేవారు. ఎవరూ ఒట్టి చేతులతో రారు కదా. పెళ్లి విందులో పెద్దల పళ్లెంలోంచి మూట కట్టుకుని తెచ్చే సర్కిత్‌ను కాదంటే అదృష్టాన్ని గుమ్మంలోంచి గెంటేసినట్టు. కనీసం కొరికైనా చూడాలి. మక్పాల్ మర్యాద తెలిసిన పిల్ల, అన్నీ కొరికేది. నూనెలో పొంగిన పిండి బౌర్సాకులు, గొర్రె తోక కొవ్వు, కజీ చక్రాలు. ఇలా ఐదారుగురి ప్రేమ తిన్నాక కుల్పాష్ వండిన భోజనం ఉండనే ఉంది.

డాక్టర్ మాటతో కుల్పాష్ ఒక్కరోజులో మారిపోయింది. కొవ్వున్నదేదీ కోడలి నోటిదాకా రానివ్వలేదు. వచ్చిన మూటలను వాళ్ల కళ్లెదుట తీసుకుని, వెళ్లాక పక్కింటి వాచ్‌మన్‌కు ఇచ్చేది. ఆ వాచ్‌మన్ నెల తిరిగేసరికి కోటు బొత్తాలు పెట్టుకోలేకపోయాడు. మక్పాల్ ఇంకో అడుగు ముందుకేసింది. మాంసం వద్దంది, గుడ్డు వద్దంది. క్యాబేజీ ఉడికించిన నీళ్లు, ఒక యాపిలు. సోఫాలో పడుకుని, అంకె తగ్గే రోజు కోసం ఎదురుచూసింది. నాలుగో వారం మొదట్లో తూకం డెబ్బై ఏడు చూపించింది. కుల్పాష్ ఊళ్లో పదకొండు ఇళ్లకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆస్పత్రిలో తూకం మీద ఎవరికీ అభ్యంతరం రాలేదు. తర్వాత వ్యాయామాల గదిలో కుర్చీ వేశారు. అక్కడి శిక్షకురాలు ఎల్విరా కార్లోవ్నా, అరవై దాటిన మనిషి, మెడలో స్టాప్‌వాచ్, మొహంలో చిరునవ్వు అన్న వస్తువు లేదు. మక్పాల్ చేతులు కట్టుకుని లేచింది. రెండోసారి లేచింది. మూడోసారి కాళ్లు వణికాయి. నాలుగోసారి కుర్చీ పట్టుకుంది. ఐదోసారి లేవలేదు. కూర్చున్నచోటే ఉండిపోయి, ఎవరినో క్షమించమన్నట్టు అత్తవైపు చూసింది.

"డెబ్బై ఏడు అయింది కదండీ" అంది కుల్పాష్, రసీదు చూపించినా సరుకు ఇవ్వనివాడితో మాట్లాడినట్టు.

ఎల్విరా కార్లోవ్నా వంగి మక్పాల్ తొడ మీద వేలితో నొక్కింది. వేలు దిగిపోయింది. "పోయింది కొవ్వు కాదు తల్లీ. మాంసం పోయింది. పస్తు ఉంటే ఒళ్లు ముందు కండనే అమ్ముకుంటుంది, కొవ్వును దాచుకుంటుంది. ఇదే తీరుగా ఉంటే ఆరు వారాల తర్వాత నేను పనికిరాదని రాస్తాను. రాసేది నేనే, అందుకే ఇప్పుడే చెబుతున్నా."

ఆ తర్వాత ఆమె ఇంట్లో ఏం చేస్తావని అడిగింది. మక్పాల్ ఏమీ చెయ్యనంది. టీ ఎవరు పోస్తారని అడిగింది. తనేనని కుల్పాష్ గొప్పగా చెప్పుకుంది. చీపురు? తనే. పక్క ఎవరు వేస్తారు? తనే. జబ్బు రాకముందు ఈ పిల్ల రోజుకు ఎన్నిసార్లు వంగి లేచేదని అడిగితే, కుల్పాష్ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, వేళ్లు చాలక ఊరుకుంది.

"రోజూ జిమ్‌కు వెళ్లేదన్నమాట" అంది ఎల్విరా కార్లోవ్నా. "మీరు మాన్పించారు."

"జబ్బు మనిషండీ."

"అందుకే. ఆమె పని ఆమెకు తిరిగివ్వండి. కొంచెం కొంచెంగా, వేలికి ఆక్సిజన్ కొలిచే యంత్రం పెట్టుకుని. అంకె ఎనభై ఎనిమిదికి దిగితే కూర్చోవాలి, ఆక్సిజన్ పెంచాలి, తొంభై దాటాక మళ్లీ లేవాలి. గుడ్లు, పెరుగు, కొవ్వు తీసిన మాంసం కడుపునిండా తినాలి. మీరు మాత్రం జాలి చూపించకూడదు. చేతనవుతుందా?"

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ కుల్పాష్‌కు చచ్చిపోయిన అత్తగారి దగ్గు వినపడుతూనే ఉంది.

* * *

మర్నాడు పొద్దున్న ఇద్దరూ గది మధ్యలో ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరికీ సిగ్గుగా ఉంది. ముందురోజు ఎల్విరా కార్లోవ్నా ఆ లెక్కలో సలాం గురించి కూడా విని, మోకాళ్లు వంచి లేవడం కంటే మంచి వ్యాయామం తాను కనిపెట్టలేనని, పొద్దున్నే పది చెయ్యమనీ రాసిచ్చింది. సలాం పెడితే పెద్దవాళ్లు చాలా ఏళ్లు బతుకు అని దీవించాలి. దీవించకుండా నిలబడితే ఆ సలాం చెల్లదు. అంచేత మక్పాల్ గోడకు ఒక చెయ్యి ఆనించి వంగింది, కుల్పాష్ "చాలా ఏళ్లు బతుకు" అంది. మళ్లీ వంగింది, మళ్లీ అంది. మొదటి రోజు నాలుగు సలాములకే వేలి మీది యంత్రం కూసింది.

మూడో రోజు ఏడో సలాం దగ్గర కుల్పాష్ దీవెన మధ్యలోనే ఆగిపోయింది. ఈ మాట జీవితమంతా అందరికీ అంటూనే ఉంది, టీలో చక్కెర వేసినట్టు అలవాటుగా. ఇప్పుడు ఒక్కొక్కటీ గొంతులోంచి మోసుకు రావాల్సి వస్తోంది.

"అపా, దీవెన బాకీ పడుతున్నారు" అంది మక్పాల్, వంగినచోటే ఆగి, ఊపిరి తీసుకుంటూ. "ఇలాగే ఉండిపోనా?"

"చాలా ఏళ్లు బతుకు. లే ఇక."

టీ సంగతి ఇంకా కష్టం. మామూలుగా కోడలు సమోవార్ పక్కనే కూర్చుని పోస్తుంది. ఎల్విరా లెక్క ప్రకారం సమోవార్ కిటికీ దగ్గర ఉండాలి, తాగేవాళ్లు ఈ చివర బల్ల దగ్గర ఉండాలి, మక్పాల్ కుర్చీ మధ్యలో. గిన్నె అందుకోవడానికి లేవాలి, నాలుగు అడుగులు వేసి పోసుకురావాలి, ఇచ్చి కూర్చోవాలి. ప్రతిసారీ సగం గిన్నే. ఆక్సిజన్ పైపు వెనకాలే పాములా వచ్చేది. కుల్పాష్‌కు రోజుకు నాలుగు గిన్నెల టీ అలవాటు. ఇప్పుడు ఇరవై తాగాల్సి వస్తోంది. కోడలి కాళ్లకు బలం వచ్చేలోగా అత్త కడుపులో సరస్సు తయారైంది.

"పొయ్యి" అనేది గిన్నె చాచి. ఆ ఒక్క మాట అనడానికి ముందు కిటికీ వైపు తిరిగేది. మొహం చూస్తూ అనలేకపోయేది.

పదో రోజున కుల్పాష్ తోడికోడలు రిస్తీ వచ్చింది. నగరంలోనే, అక్కడి నదికి అవతలి ఒడ్డున ఉంటుంది, చనిపోయిన కుల్పాష్ భర్తకు తమ్ముడి భార్య. వాళ్లలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో అనకూడదు, మారుపేరు పెట్టుకోవాలి. మక్పాల్ ఆమెకు "వార్తల అత్త" అని పెట్టింది. రిస్తీ అది పొగడ్తనుకుని సంతోషించింది. ఆ రోజు ఏదో పెళ్లి నుంచి నేరుగా వచ్చింది, చేతిలో నూనె కారే సంచి. కోటు విప్పుతూనే పెళ్లికూతురి ముక్కు గురించి చెప్పడం మొదలుపెట్టింది. కూర్చుంది. ఖాళీ గిన్నె చూసి కుల్పాష్ వైపు చాచింది, ఈ ఇంట్లో టీ పోసేది అత్తే కాబట్టి.

కుల్పాష్ ఒక్క క్షణం ఆ గిన్నె వైపు చూసింది. ఈ ఒక్కరోజుకు తాను పోసేస్తే పోతుంది. నగరంలో ఉన్న వాళ్ల వంశం మొత్తానికి ఈ రిస్తీయే నోరు. కానీ పొద్దున్న మక్పాల్ వరసగా మూడుసార్లు గోడ పట్టుకోకుండా లేచింది. ఆ మూడును ఇవాళే నాలుగు చెయ్యాలని ఇద్దరూ అనుకున్నారు.

"మక్పాల్, లే. చిన్నత్తకు టీ పొయ్యి."

మక్పాల్ లేచింది. పైపు ఈడ్చుకుంటూ కిటికీ దాకా వెళ్లింది, సగం గిన్నె పోసి తెచ్చింది, కూర్చుంది. రిస్తీ నోట్లో పెళ్లికూతురి ముక్కు ఆగిపోయింది. రెండో గిన్నెకు తానే లేవబోయింది.

"కూర్చో రిస్తీ. అది పోస్తుంది."

"అక్కా, ఆ పిల్లకు ఊపిరాడటం లేదు."

"ఆడుతోంది. తొంభై రెండుంది. తాగు."

రిస్తీ తాగకుండా గిన్నె కింద పెట్టేసింది. అప్పుడు కుల్పాష్ తన గిన్నె చాచింది. మళ్లీ చాచింది. మళ్లీ. తోడికోడలి కళ్లలోకి చూస్తూ ఏడు గిన్నెలు అడిగింది, ఏడుసార్లూ కోడలు లేచింది. ఆఖరిసారి మక్పాల్ నుదుటి మీద చెమట పట్టింది, పెదవులు నీలం తిరిగాయి, వేలి మీది యంత్రం కూసింది. కుల్పాష్ లేచి వెళ్లి ఆక్సిజన్ మర పెంచి వచ్చి కూర్చుంది. ఆమె చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అవి రిస్తీకి కనపడలేదు.

రిస్తీ కోటు వేసుకుంటూ గుమ్మంలో అంది, గొంతు తగ్గించి: "మన అత్తగారు చచ్చిపోయిందనుకున్నాను అక్కా. నీలోకి వచ్చి కూర్చుందన్నమాట."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

సాయంత్రానికల్లా ఆ మాట నది దాటింది, రైలెక్కింది, ఊరు చేరింది. ఒక బంధువు ఫోన్ చేసి దేవుడికి భయపడమంది. ఇంకొకామె రోగిని తమ ఇంటికి పంపమంది. ఎప్పుడూ ఫోన్ చెయ్యని మసీదు ముసలాయన కూడా కోడళ్ల మీద దయ గురించి పది నిమిషాలు చెప్పాడు. కుల్పాష్ అందరికీ "ఊఁ" అంది. విడమరిచి చెప్పవచ్చు. తొడ బొమ్మ గురించి, కుర్చీ గురించి. కానీ రెండేళ్లు దాన్ని మెత్తల మీద పడుకోబెట్టి, ముద్దలు పెట్టి, ఆ కాళ్లను అలా చేసింది నేనే అని కూడా అప్పుడు చెప్పాల్సి వస్తుంది. ఆ మాట నోటికి రాలేదు.

సగిండిక్ కూడా ఫోన్ చేశాడు. రిస్తీ పిన్ని చెప్పింది నిజమేనా అని అడిగాడు. నిజమేనంది. అతని వెనకాల గాలి హోరు వినపడింది. తర్వాత, తాను సెలవు పెట్టి వస్తానని, అప్పటిదాకా దాన్ని ముట్టుకోవద్దని అన్నాడు. కన్నకొడుకు తల్లితో అనాల్సిన మాట కాదది. ఫోన్ పెట్టేసి కుల్పాష్ వంటగదిలో స్టూలు మీద కూర్చుంది.

మక్పాల్ అక్కడికే వచ్చింది, పైపు అందినంత మేరకు. ఫోన్ అంతా విన్నది.

"రేపటి నుంచి నేనే పోస్తానులే" అంది కుల్పాష్. "నా వల్ల కాదు. నాకు కఠినంగా ఉండటం రాదు, నేర్చుకోలేదు."

మక్పాల్ తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఊపిరి కూడదీసుకుంది. ఆమె మాట ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా వచ్చేది, రెండు మాటలకు ఒక గాలి.

"మీరు నా చేతిలోంచి టీపాట్ తీసుకున్న రోజు గుర్తుందా అపా? నన్ను ముద్దు కూడా పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి అనుకునేదాన్ని, నేను లేకుండా ఎలా నడవాలో ఈ ఇల్లు నేర్చుకుంటోందని. మెత్తల మీద కూర్చుని చూసేదాన్ని. బాగానే నడిచేది. ఎవరికీ ఏ లోటూ లేదు. ఇంక నేను పోవడమే మిగిలింది అనిపించేది."

కుల్పాష్ స్టూలును ఆమె వైపు జరుపుకుంది.

"ఇవాళ మీరు ఏడుసార్లు గిన్నె చాచారు" అంది మక్పాల్. "నేను లేవకపోతే మీకు టీ లేదు. అది నాకు... బాగుంది. వార్తల అత్త మొహం ఇంకా బాగుంది."

కుల్పాష్ నవ్వబోయి ఏడ్చింది. లేచి కోడలిని పొదివి పట్టుకోబోయి, చేతులు మధ్యలోనే ఆపేసింది. ఆమె నిలబడి ఉంది కదా, నిలబడనీ. "ఇల్లు బాగా నడిచిందంటావేమిటి" అంది తలగుడ్డ చివరతో ముక్కు తుడుచుకుంటూ. "నేను పోసిన టీ ఎవరైనా రెండో గిన్నె అడిగారా?"

ఆ తర్వాత కొడుక్కు తానే ఫోన్ చేసింది. తొడ బొమ్మ సంగతి మొదటి నుంచి చెప్పింది. తన పాత్ర ఏదీ దాచలేదు. చివరికి, నన్ను తిట్టుకుంటే తిట్టుకో నాయనా, కానీ సెలవు పెట్టి వస్తే వచ్చి టీ అడుగు, జాలి మాత్రం తేకు, ఇంట్లో ఇప్పటికే చాలా ఉంది అంది. సగిండిక్ వచ్చాడు. మొదటి రోజు భార్య లేస్తుంటే చూడలేక బాల్కనీలోకి పోయాడు. నాలుగో రోజుకు తొమ్మిది గిన్నెలు తాగాడు. వెళ్లేలోగా రిస్తీ పిన్నికి ఏం చెప్పాడో తెలియదుగానీ, మార్చి మొదట్లో ఆమె ఒక సంచి పట్టుకుని మళ్లీ వచ్చింది. సంచిలో కొవ్వు ఒలిచిన ఉడికిన మాంసం, ఉప్పులేని పెరుగుండలు ఉన్నాయి. క్షమించమనలేదు. గిన్నె తీసి నేరుగా మక్పాల్ వైపు చాచింది.

"పొయ్యి అమ్మాయ్, దాహంగా ఉంది" అంది. పదకొండు గిన్నెలు తాగి, రెండుసార్లు స్నానాలగదికి వెళ్లింది.

* * *

గడువు రోజున కుల్పాష్‌ను వ్యాయామాల గదిలోకి రానివ్వలేదు. తలుపుకు అరచేతి వెడల్పు అద్దం ఉంది. దానికి ముక్కు ఆనించి నిలబడింది.

తూకం డెబ్బై ఆరుకు పైన మూడు వందల గ్రాములు. ఆరు వారాలు కడుపునిండా తిన్నా పెరగలేదు. కుర్చీ వేశారు. ఎల్విరా కార్లోవ్నా స్టాప్‌వాచ్ ఎత్తింది. మక్పాల్ చేతులు గుండెల మీద కట్టుకుంది.

ఒకటి. రెండు. కుల్పాష్ పెదవులు అద్దం ఇవతల కదిలాయి, ప్రతిసారికీ ఒక దీవెన. మూడోదాని దగ్గర మక్పాల్ కళ్లు మూసుకుంది. నాలుగు. కాళ్లు వణికాయి, మోకాళ్లు లోపలికి వంగాయి. కుల్పాష్ అరచెయ్యి తలుపు మీద నొక్కుకుపోయింది. లోపలి పిల్ల ఒక్క క్షణం గాల్లో ఆగింది, కూర్చోవడానికీ లేవడానికీ మధ్య, ఎవరూ ఆమెను పట్టుకోలేదు. ఐదు.

ఎల్విరా కార్లోవ్నా గడియారం చూసి కాగితం మీద రాసుకుంది. కుల్పాష్ వైపు తిరిగి అద్దంలోంచి వేళ్లు చూపించింది. ముందు పది, తర్వాత నాలుగు, తర్వాత చెయ్యి అటూ ఇటూ ఊపింది, ఇంకో అర అని. చిరునవ్వు లేదు. కానీ మక్పాల్ భుజం మీద చెయ్యి వేసి, అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపు ఉంచింది.

మధ్యాహ్నం డాక్టర్ బయాన్ ఎర్మెకోవ్నా కాగితాల మీద సంతకం పెట్టింది. మక్పాల్ పేరు జాబితాలో ఎక్కింది. ఎన్ని రోజులో, ఎన్ని నెలలో తాను చెప్పలేనని, ఫోన్ ఎప్పుడూ ఆపి ఉంచకూడదని, పిలుపు వచ్చిన గంటన్నరలో ఇక్కడుండాలని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఈ బలం నిలబడాలంటే ఇప్పుడు చేస్తున్నవేవీ ఆపకూడదు, ఊపిరితిత్తులు దొరికేదాకా, ఆ తర్వాత కూడా.

"అంటే నేను ఇలాగే ఉండాలా?" అంది కుల్పాష్ దిగులుగా.

"ఇలాగే" అంది డాక్టర్.

ముందు గేటు దగ్గర టాక్సీ ఆగిందని ఫోన్ మోగింది. గుమ్మానికి పది అడుగులు. కుల్పాష్ బయటికి చూసింది, కోడలి వైపు చూసింది, ఆమె అలసిపోయి గోడకు ఆనుకుని ఉంది. తర్వాత రెండు భవనాలను కలిపే అద్దాల వసారా వైపు చూసింది. లోపలంతా వెచ్చగా, నున్నగా, ఆ చివర ఎక్కడో వెనక గేటు.

"నాయనా, వెనక గేటు దగ్గరికి రా" అని డ్రైవర్‌కు చెప్పింది. "మేము నడిచి వస్తాం. తొందర లేదు."

మక్పాల్ భుజానికి వేలాడే చిన్న ఆక్సిజన్ సంచి సరిచేసుకుని, గోడ వదిలి నిలబడింది. దారిలో ఆరు బెంచీలున్నాయి. మూడింటి మీద కూర్చున్నారు, మూడింటిని దాటేశారు. నాలుగో బెంచీ దగ్గర కుల్పాష్ చెయ్యి అందించబోయింది. మక్పాల్ అందుకోలేదు, కానీ పక్కనే నడిచింది, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా.

వెనక గేటు దగ్గర డ్రైవర్ కారు దిగి తలుపు తీశాడు. ముక్కులో గొట్టం, చెమట పట్టిన నుదురు చూసి అతను మొహం గంటు పెట్టుకున్నాడు. ముందు గేటు నుంచి ఇంత దూరం ఈ మనిషిని నడిపించారా అన్నట్టు వసారా వైపూ, కుల్పాష్ వైపూ మార్చి మార్చి చూశాడు.

"మీరు అత్తగారై ఉంటారు" అన్నాడు.

"అవునయ్యా" అంది కుల్పాష్, నిటారుగా నిలబడి. "అత్తగారినే."